హొరైజన్ యూరప్‌లో పేరుంటే డబ్బు వస్తుందా? అపోహలు – వాస్తవాలు

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు కాలేజీల్లో పనిచేసే మన తెలుగు అధ్యాపకులకు యూరప్ విశ్వవిద్యాలయం నుంచి "హొరైజన్ యూరప్ (యూరోపియన్ యూనియన్ పరిశోధన నిధుల పథకం) కోసం మా కన్సార్టియంలో, అంటే సంస్థల బృందంలో, చేరండి" అని మెయిల్ వస్తే, మొదటి ప్రశ్న ఒకటే: మన వాటా ఎన్ని యూరోలు? ఎక్కువమందిని ముంచేది ఈ ప్రశ్న వెనకున్న నమ్మకమే.

అపోహ: భాగస్వామిగా పేరుంటే నిధులు వాటంతటవే వస్తాయి.

వాస్తవం: రావు. 2021–27 హొరైజన్ యూరప్‌లో చాలా కాల్స్‌లో (ప్రాజెక్టు ప్రతిపాదనల కోసం ఇచ్చే ప్రకటనల్లో) భారత సంస్థలు చేరవచ్చు. కానీ నిధులు నేరుగా దక్కే దేశాల జాబితాలో భారత్ లేదు. కాల్ పాఠంలోనే మనకు డబ్బిస్తామని రాసి ఉండాలి, లేదా మీరు లేనిదే ప్రాజెక్టు సాగదని నిధులిచ్చేవాళ్లు ఒప్పుకోవాలి. ఈ రెండూ లేకపోతే మీరు అసోసియేటెడ్ పార్ట్‌నర్: పని మీది, ఖర్చూ మీదే. కనీసం మూడు దేశాల నుంచి మూడు సంస్థలుండాలన్న లెక్కలోకీ మనం రాము. ఆ మూడూ ఈయూ (యూరోపియన్ యూనియన్) సభ్య దేశాలవో, ఒప్పందంతో ఈ పథకంలో చేరిన అనుబంధ దేశాలవో కావాలి. ఒక్కటైనా సభ్య దేశానిది అయి తీరాలి.

ఇది తెలియక బడ్జెట్ పట్టికలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలో) జీతాలు, పరికరాలు వేసుకుంటారు. ఒప్పందం చేతికొచ్చేసరికి ఆ గడిలో సున్నా ఉంటుంది. అందుకే సమ్మతి లేఖ పంపేముందే ఈయూ వారి ఫండింగ్ అండ్ టెండర్స్ పోర్టల్‌లో కాల్ పాఠం చదవండి. మీ హోదా ఏమిటో కోఆర్డినేటర్‌తో రాతపూర్వకంగా చెప్పించుకోండి. డీఎస్‌టీ (శాస్త్ర సాంకేతిక విభాగం), డీబీటీ (బయోటెక్నాలజీ విభాగం) వంటి కేంద్ర విభాగాలు యూరప్‌తో జంటగా కాల్ వేస్తే ఇక్కడి దరఖాస్తు వేరు, గడువు వేరు. యూరప్ ఎంపిక చేసిందని ఇక్కడ మంజూరైనట్టు కాదు.

ఒకవేళ డబ్బు వచ్చే హోదానే దక్కితే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) ముందుకొస్తుంది. చట్టం ద్వారా ఏర్పడి, ఖాతాలు కాగ్ తనిఖీకి లోబడే సంస్థలకు మినహాయింపు ఉంది. ట్రస్టు కాలేజీకి రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి, సొమ్ము ఢిల్లీలోని ఎస్‌బీఐ ప్రధాన శాఖ ఖాతాకే రావాలి. "పెద్ద కాలేజీకి తెప్పించి మనకు పంచుకుందాం" అనే సలహా వినకండి: 2020 సవరణ తర్వాత విదేశీ విరాళాన్ని మరొకరికి బదిలీ చేయడం నిషిద్ధం.

అపోహ: పిక్ నంబరు (ఈయూ పోర్టల్‌లో సంస్థకిచ్చే గుర్తింపు సంఖ్య) ఏజెంటు తీసిపెట్టాలి. అక్కర్లేదు. తొమ్మిది అంకెల ఆ నంబరు ఫండింగ్ అండ్ టెండర్స్ పోర్టల్‌లోనే ఉచితం. దానికి వేలు గుంజేవాళ్ల మాట నమ్మొద్దు.

అపోహ: కోరాపుట్ దేశీ వరి విత్తనాలు భాగస్వామికి కొరియర్ చేసేయొచ్చు. 2002 జీవవైవిధ్య చట్టం చదవకుండా గింజ కూడా పంపకండి. కేంద్ర మార్గదర్శకాలకు లోబడి ఆమోదం పొందిన ఉమ్మడి ప్రాజెక్టులకు వెసులుబాటు ఉంది, మిగతావాటికి జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి కావాలి.

అపోహ: చిన్న ఊరి పీహెచ్‌డీలను యూరప్ పట్టించుకోదు. ఈ భయంతో దరఖాస్తే పెట్టని పిల్లలున్నారు, బాధేస్తుంది. మేరీ క్యూరీ పోస్ట్‌డాక్టోరల్ ఫెలోషిప్‌లో యూరప్‌కు వెళ్లే విభాగం ఏ దేశస్థులకైనా తెరిచే ఉంటుంది. మార్కుల్లో పరిశోధన నాణ్యతకు 50 శాతం, ప్రభావానికి 30, అమలుకు 20. మీరు చదివిన ఊరికి గడి లేదు. దరఖాస్తు గడువు నాటికి పీహెచ్‌డీ పూర్తయి ఉండాలి, దాని తర్వాత పరిశోధన అనుభవం ఎనిమిదేళ్లు మించకూడదు. గడువుకు ముందరి 36 నెలల్లో ఆతిథ్య దేశంలో 12 నెలలకు మించి ఉండకూడదు; పాస్‌పోర్టు ముద్రలు చూసి లెక్కవేసుకోండి.