హర్డ్ మళ్లీ కోచ్ కావాలా? జవాబు 2012 జనవరిలో వెతకాలి

ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ క్లబ్ ఎసెండన్‌లో కోచ్ కుర్చీ గురించి మాట వచ్చిన ప్రతిసారీ జేమ్స్ హర్డ్ పేరు వినిపిస్తుంది. 2022లో అది మాటలతో ఆగలేదు. కోచ్ బెన్ రట్టన్‌ను తప్పించాక క్లబ్ హర్డ్‌ను ఇంటర్వ్యూకి కూడా పిలిచింది. చివరికి బ్రాడ్ స్కాట్‌ను తీసుకుంది. అయినా వాదన చల్లారలేదు. శిక్ష అనుభవించాడు కదా, ఇంకా ఎన్నాళ్లు దూరం పెడతారని ఒక వర్గం అభిమానులు అడుగుతున్నారు. అతను కోచ్‌గా ఉన్నప్పుడు సాగిన ఇంజెక్షన్ల వల్లే 34 మంది ఆటగాళ్లు డోపింగ్ దోషులుగా మిగిలారని రెండో వర్గం గుర్తుచేస్తోంది.

ఆటగాడిగా హర్డ్ గొప్పతనంపై ఎవరికీ పేచీ లేదు. 253 మ్యాచ్‌లు, రెండు ప్రీమియర్‌షిప్‌లు (లీగ్ టైటిళ్లు), 1996లో లీగ్ ఉత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో మెడల్. 2010లో సీనియర్ కోచ్ పదవి అతని దగ్గరికి వచ్చిందంటే ఆ పేరు వల్లే. అప్పటికి అతనికి కోచింగ్ అనుభవం లేదు. అందుకే జీలాంగ్ క్లబ్‌కు కోచ్‌గా రెండు టైటిళ్లు తెచ్చిన మార్క్ థాంప్సన్‌ను పక్కన నిలబెట్టారు.

చాలామంది ఈ కథను 2013 ఫిబ్రవరి 5 నుంచి మొదలుపెడతారు. తమ సప్లిమెంట్ల కార్యక్రమంపై విచారణ జరపమని ఎసెండన్ తనంతట తానే అధికారులను కోరిన రోజు అది. కానీ అసలు మలుపు అంతకు ఏడాది ముందే వచ్చింది.

2011 ఫైనల్స్ తొలి మ్యాచ్‌లోనే కార్ల్‌టన్ చేతిలో ఎసెండన్ చిత్తుగా ఓడింది. ఆటగాళ్ల శరీరాలు ఇంకా దృఢంగా తయారవ్వాలన్న పట్టుదల క్లబ్‌లో పెరిగింది. ఫిట్‌నెస్ విభాగం డీన్ రాబిన్సన్ చేతిలో ఉంది. ఆ ఏడాది చివర్లో స్పోర్ట్స్ సైంటిస్ట్ స్టీఫెన్ డ్యాంక్ వచ్చి చేరాడు. ఇంజెక్షన్లు మొదలయ్యాయి. క్లబ్ డాక్టర్ బ్రూస్ రీడ్ దాదాపు మూడు దశాబ్దాలుగా ఎసెండన్‌తోనే ఉన్న మనిషి. 2012 జనవరిలో ఆయన హర్డ్‌కు, ఫుట్‌బాల్ మేనేజర్ పాల్ హామిల్టన్‌కు ఒక లేఖ రాశారు. ఈ పరిస్థితుల్లో క్లబ్ డాక్టర్‌గా ఉండటంలో తనకు మౌలికమైన ఇబ్బందులున్నాయని అందులో చెప్పారు. ఏఓడీ-9604 అనే మందు వాడకంపై ఆందోళన తెలిపారు. ఊబకాయం తగ్గించడానికి తయారుచేయబోయి, మనుషులకు వాడే అనుమతి దాకా రాని మందు అది.

తర్వాతి నెలలో 38 మంది ఆటగాళ్ల చేత సమ్మతి పత్రాలపై సంతకాలు పెట్టించారు. వాటిలో ఏఓడీ-9604తో పాటు థైమోసిన్ అనే మందు పేరు కూడా ఉంది. ఏ రకం థైమోసిన్ అన్నది రాయలేదు. తర్వాత నాలుగేళ్ల పాటు న్యాయవాదులు కొట్లాడింది దీని మీదే. బీటా-4 రకమైతే అది నిషిద్ధం.

హర్డ్ వాదన ఏమిటంటే, ఆ లేఖ తన చేతికి రాలేదు. కార్యక్రమం వాడా (ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ) నిబంధనలకు లోబడి ఉండాలని, ఆరోగ్యానికి హాని చేయకూడదని, ఆటగాళ్ల సమ్మతి, డాక్టర్ అనుమతి ఉండాలని తాను షరతులు పెట్టానని అతను మొదటి నుంచీ చెబుతున్నాడు. షరతులు పెట్టిన మాట నిజమే అనుకుందాం. డాక్టర్ అనుమతి తప్పనిసరి అన్న మనిషికి, ఆ డాక్టర్‌నే పక్కన పెట్టారన్న సంగతి అందరికంటే ముందు తెలియాలి కదా? లేఖ అందిందా లేదా అన్న వాదన కంటే నాకు ఇదే పెద్ద విషయం. ఇరవై ఏళ్లు కూడా నిండని కుర్రాళ్లు చెయ్యి చాపింది డ్యాంక్‌ను నమ్మి కాదు. పైన హర్డ్ ఉన్నాడన్న ధైర్యంతో.

మైదానంలో కూడా ఫలితం దక్కలేదు. 2012లో మొదటి తొమ్మిది మ్యాచ్‌లలో ఎనిమిది గెలిచిన జట్టు, కండరాల గాయాలతో కుదేలై 11వ స్థానంలో ముగిసింది.

ఆ తర్వాతి క్రమం తెలిసిందే. క్లబ్ తరఫున జిగ్గీ స్విట్‌కోవ్‌స్కీ ఇచ్చిన నివేదిక, ఎవరి అదుపూ లేకుండా, రికార్డులు సరిగా లేకుండా క్లబ్‌లో మందుల ప్రయోగాలు సాగాయని తేల్చింది. 2013 ఆగస్టులో లీగ్‌ను నడిపే ఏఎఫ్‌ఎల్ ఎసెండన్‌కు 20 లక్షల డాలర్ల జరిమానా వేసి, ఆ ఏడాది ఫైనల్స్ నుంచి తప్పించింది. హర్డ్‌కు 12 నెలల సస్పెన్షన్ పడింది. అది డోపింగ్ నేరానికి వేసింది కాదు. ఆటకు చెడ్డపేరు తెచ్చినందుకు వేసింది. అతని సమర్థకులు ఈ తేడాను పదేపదే ఎత్తి చూపుతారు. ఆ మాట న్యాయమే. డాక్టర్ రీడ్ మాత్రం రాజీకి ఒప్పుకోకుండా కోర్టుకెక్కారు, లీగ్ ఆయనపై అభియోగాలను వెనక్కి తీసుకుంది.

నేటి వాదనకు పనికొచ్చే ఇంకో ఘట్టం 2014 చివర్లో జరిగింది. ఏఎఫ్‌ఎల్, ఆస్ట్రేలియా డోపింగ్ నిరోధక సంస్థ అసాడా కలిసి చేసిన విచారణ చట్టవిరుద్ధమని క్లబ్, హర్డ్ వేసిన కేసును సెప్టెంబరులో జస్టిస్ జాన్ మిడిల్టన్ కొట్టేశారు. క్లబ్ అక్కడితో ఆగింది. హర్డ్ ఒక్కడే అప్పీలుకు వెళ్లాడు. 2015 జనవరిలో అక్కడా ఓడాడు. తన పేరు కాపాడుకునే హక్కు ఎవరికైనా ఉంటుంది. కానీ క్లబ్ వద్దనుకున్న దారిలో దాని కోచ్ ఒంటరిగా నడిచాడంటే, అప్పటికే రెండింటి ప్రయోజనాలు వేరైపోయాయన్నమాట. ఆ ఏడాది ఆగస్టులో అడిలైడ్ చేతిలో 112 పాయింట్ల ఓటమి తర్వాత అతను రాజీనామా చేశాడు.

ఆటగాళ్లకు మాత్రం రాజీనామాతో బయటపడే దారి లేదు. 2015 మార్చిలో లీగ్ ట్రిబ్యునల్ 34 మందినీ నిర్దోషులంది. వాడా అప్పీలు చేసింది. 2016 జనవరి 12న అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానం అందరినీ దోషులుగా తేల్చి, పాత తేదీ నుంచి లెక్కించే రెండేళ్ల నిషేధం వేసింది. అప్పటికి ఎసెండన్‌లోనే ఆడుతున్న 12 మంది ఆ సీజన్ మొత్తానికి దూరమయ్యారు, జట్టు అట్టడుగున నిలిచింది. కెప్టెన్‌గా ఉన్న జోబ్ వాట్సన్ 2012లో గెలిచిన బ్రౌన్‌లో మెడల్‌ను వదులుకోవాల్సి వచ్చింది. దాన్ని సామ్ మిచెల్, ట్రెంట్ కాచిన్‌లకు ఇచ్చారు. వాట్సన్ 2017లో ఒక సీజన్ ఆడి తప్పుకున్నాడు.

అదే 2016 జనవరిలో మెల్‌బోర్న్ మేజిస్ట్రేట్ కోర్టు, ఉద్యోగులకు సురక్షితమైన పని వాతావరణం కల్పించనందుకు ఎసెండన్‌కు 2 లక్షల డాలర్ల జరిమానా వేసింది. క్లబ్ నేరం ఒప్పుకుంది. ఈ వ్యవహారంలో అన్నిటికంటే తక్కువ చర్చ జరిగిన తీర్పు ఇదే. హర్డ్ పునరాగమనం గురించి మాట్లాడేవాళ్లు ముందు చదవాల్సింది కూడా ఇదేనని నా అభిప్రాయం. థైమోసిన్ లాంటి పెప్టైడ్ మందు నిషిద్ధమా కాదా అన్నది ఇక్కడ ప్రశ్నే కాదు. కుర్రాళ్ల ఒంట్లోకి ఏం ఎక్కుతోందో చూసుకునే బాధ్యత క్లబ్ నెరవేర్చలేదన్నదే విషయం. ఏ ఆటగాడికి ఏ రోజు ఏ మందు ఎంత ఇచ్చారో చెప్పే పూర్తి రికార్డు ఇప్పటికీ బయటికి రాలేదు. హర్డ్‌ను ఇంకోసారి ఇంటర్వ్యూకి పిలిచే క్లబ్ ఏదైనా సరే, గెలుపోటముల లెక్క కంటే ముందు డాక్టర్ రీడ్ గురించి అడగాలి.