పెరగనివా, మనం పెంచనివా?

ఇంటికే డబ్బా పంపి, మలం శాంపిల్ తీసుకెళ్లి, పేగులోని బ్యాక్టీరియా చిట్టా ఫోన్‌కు పంపే టెస్టుల ప్రకటనలు హైదరాబాద్‌లో మళ్లీ జోరందుకున్నాయి. వాటి వెంటే పాత వాదనా వచ్చింది. "పేగు బ్యాక్టీరియాలో 99 శాతం ల్యాబ్‌లో పెరగవు, డీఎన్‌ఏ చదవడం ఒక్కటే దారి" అని. ఎనరోబిక్ ఛాంబర్ (ఆక్సిజన్ తగిలితే చచ్చే బ్యాక్టీరియాను పెంచే, గాలి చొరబడని పెట్టె) కొనాలని ఏ ల్యాబ్‌లో ఫైలు కదిలినా కమిటీలో అడ్డుపడేది ఈ మాటే. పేగు బ్యాక్టీరియాను పెంచే మా ల్యాబ్ ఫైలుకైతే రెండుసార్లు అడ్డుపడింది.

ఈ 99 పేగులోంచి రాలేదు. 1985లో స్టేలీ, కొనోప్కా రాసిన సమీక్ష నీళ్లలో, నేలలో ఉండే సూక్ష్మజీవుల గురించి. మైక్రోస్కోపు కింద కనిపించేవాటిలో ల్యాబ్ ప్లేటు మీద మొలిచేవి చాలా తక్కువని వాళ్లు చెప్పారు. చెరువుకు వేసిన లెక్కను మనం కడుపుకు తగిలించుకున్నాం.

నిజానికి పేగు లెక్క అంతకు పదకొండేళ్ల ముందే తేలింది. ఆక్సిజన్ సోకకుండా గొట్టాల్లో పెంచే పద్ధతి ఒకటుంది, హంగేట్ పద్ధతి అంటారు. దానితోనే 1974లో వర్జీనియాలో మూర్, హోల్డ్‌మన్ 20 మంది జపనీస్ హవాయియన్ల మలాన్ని పరీక్షించి 113 రకాలను పట్టుకున్నారు. మైక్రోస్కోపులో లెక్కపెట్టినవాటిలో 93 శాతం దాకా మొలిచాయి. నన్నడిగితే అసలు కథ ఇక్కడే ఉంది. పెరగవని ఎవరూ రుజువు చేయలేదు, పెంచడం ఒళ్లు హూనమయ్యే చాకిరీ, అంతే. ఒక్కో కాలనీని ఏరాలి, విడిగా పెంచాలి, అది వదిలే ఆమ్లాలేవో గ్యాస్ క్రొమాటోగ్రఫీలో, అంటే ఆవిరి చేసి విడదీసే యంత్రంలో, చూడాలి. డీఎన్‌ఏ చదవడం తేలికయ్యాక ఆ ఓపిక ఎవరికుంటుంది?

1999లో ఫ్రెంచ్ బృందం ఒక్క మనిషి మలంలోని జన్యువులు చదివితే దొరికిన రకాల్లో 76 శాతం అప్పటికి తెలిసిన ఏ జాతితోనూ కలవలేదు. పేరు లేనివని చెప్పాల్సింది పోయి, పెరగనివని చెప్పుకోవడం మొదలైంది.

పెంచడం ఎంత నాజూకు పనో చూస్తేగానీ తెలియదు. మీడియంలో, అంటే బ్యాక్టీరియాకు పెట్టే తిండిలో, రెసాజురిన్ అనే రంగు కలుపుతాం. ఆక్సిజన్ లేకపోతే రంగుండదు, సోకితే గులాబీ. ఓసారి నగరం ఆ చివరి నుంచి ఈ చివరికి ఆటోలో శాంపిల్ వచ్చింది, ట్రాఫిక్‌లో రెండు గంటలు. ట్యూబ్ పట్టుకుని మా టెక్నీషియన్ "మేడమ్, గులాబీ అయిపోయిందండీ" అన్నాడు. మూత సరిగ్గా బిగించలేదు. ఆరోజు పనంతా సింకులోకి. ఛాంబర్‌లో 5 శాతం హైడ్రోజన్ ఉంటుంది. మిగిలిన కాస్త ఆక్సిజన్‌నూ పల్లాడియం గుళికల మీద అది నీరుగా మార్చేస్తుంది. ఆ తేమకు గుళికలు తడిసి మందగిస్తాయి, ఓవెన్‌లో ఆరబెట్టాలి. వర్షాకాలంలో మాకు ఇదో టెన్షన్.

2016లో బ్రిటన్‌లోని వెల్‌కమ్ సాంగర్ ఇన్‌స్టిట్యూట్ బృందం ఆరుగురి మలాన్ని వైసీఎఫ్ఏ అనే ఒకే మీడియం మీద పరిచింది. మొలిచినవన్నీ గీకి డీఎన్‌ఏ చదివి, అసలు మలంతో పోల్చింది. అసలు మలంలోని డీఎన్‌ఏలో సగటున 93 శాతం వీటితో సరిపోయింది. 42 ఏళ్ల తర్వాత అదే అంకె! ఒకటి మైక్రోస్కోపు లెక్క, రెండోది డీఎన్‌ఏ లెక్క, కాబట్టి ఇది కాకతాళీయమే. అయినా కమిటీ ముందు పెట్టడానికి ఇంతకంటే మంచి కాగితం నాకు దొరకలేదు. కొన్ని శాంపిళ్లను ముందు ఆల్కహాల్‌లో నానబెట్టి, బతికి బయటపడ్డ స్పోర్లనూ (గట్టి పెంకులో నిద్రపోయే బ్యాక్టీరియా రూపాలు) పెంచారు.

సీక్వెన్సింగ్, అంటే డీఎన్‌ఏ చదివే, పక్షానికీ ఒక గట్టి అంకె ఉంది. 2020లో వచ్చిన పేగు జన్యు సంకలనంలో 4,644 జాతులుంటే, వాటిలో 70 శాతానికి పైగా జాతులను అప్పటికి పెంచినవాళ్లు లేరు. వందల శాంపిళ్లు వేగంగా చూడాలంటే వాళ్ల దారే దారి. అయితే అది జాతుల లెక్క. అందులో లక్షల్లో ఉన్న జాతీ ఒకటే, అరుదుగా తగిలే జాతీ ఒకటే. 93 శాతం మాత్రం మలంలో ఏది ఎంత ఉందో దాన్ని బట్టి వేసిన లెక్క.

పైగా డీఎన్‌ఏ ఒక్కటే చాలదు. బ్యాక్టీరియా మీద మందు పనిచేస్తుందో లేదో చూడటానికి బతికున్న బ్యాక్టీరియా కావాలి. ఇంటికొచ్చే డబ్బాలో సాధారణంగా ఒక ద్రవం పోసి ఉంటుంది. అది డీఎన్‌ఏను కాపాడుతుంది, బ్యాక్టీరియాను చంపేస్తుంది. ఆ శాంపిల్ మా దగ్గరికొస్తే నిజంగానే ఏదీ పెరగదు.