అణా సభ్యత్వం నుంచి పాతిక వేల డిపాజిట్ దాకా

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ ఓటరు చేతికి వచ్చింది బ్యాలెట్ పత్రం కాదు, బ్యాలెట్ పుస్తకం. బరిలో 480 మంది ఉన్నారు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోయిన పల్లెల గోడు ఢిల్లీకి వినపడాలని, జలసాధన సమితి పిలుపుతో వందల మంది నామినేషన్లు వేశారు. అప్పట్లో లోక్‌సభకు డిపాజిట్ 500 రూపాయలే. అన్ని పేర్లు అచ్చు వేయడానికి వ్యవధి చాలక పోలింగ్‌నే వాయిదా వేశారు. చివరికి గెలిచింది సీపీఐ అభ్యర్థి బొమ్మగాని ధర్మభిక్షం.

ఆ ఏడాదే బెల్గాంలో 456 మంది, తమిళనాడులోని మొదకురిచ్చి అసెంబ్లీ స్థానంలో 1,033 మంది పోటీ చేశారు. దాంతో కేంద్రం ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించింది. 1996 ఆగస్టు నుంచి లోక్‌సభ డిపాజిట్ 10,000 అయింది. గుర్తింపు పార్టీ టికెట్ లేనివారికి ప్రతిపాదించే ఓటర్లు పదిమంది ఉండాలన్నారు. 2010 నుంచి లోక్‌సభకు 25,000, అసెంబ్లీకి 10,000 కట్టాలి. ఎస్సీ, ఎస్టీలకు అందులో సగం. చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటితేనే ఆ డబ్బు తిరిగొస్తుంది. 2023లో కొల్లాపూర్‌లో నిరుద్యోగుల తరఫున స్వతంత్రంగా నిలబడ్డ ‘బర్రెలక్క’ శిరీషకు ఐదు వేలకు పైగా ఓట్లు పడ్డాయి. అయినా డిపాజిట్ దక్కలేదు. తాగునీటి కోసం మొదలైన నిరసన ఫలితాన్ని, పాతికేళ్లు నిండి సొంత సంపాదన లేని యువత ఇవాళ మోస్తోంది.

ఇదే నేల మీద ఒకప్పుడు రాజకీయంలోకి రావడం ఎంత చవకో చూడాలి. 1944లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన భువనగిరిలో ఆంధ్రమహాసభ జరిగింది. సభ్యత్వ రుసుమును అణాకు (రూపాయిలో పదహారో వంతు) తగ్గించడంతో కూలీలు, కౌలు రైతులు, బడి మానేసిన కుర్రాళ్లు, జనం ‘సంఘం’ అని పిలుచుకున్న ఆ సభలో చేరారు. 1946 జులై 4న కడవెండిలో దొర మనుషుల తూటాకు నేలకొరిగిన దొడ్డి కొమరయ్య నూనూగు మీసాల యువకుడు. ఆ ఊరు అప్పుడు నల్లగొండ జిల్లాలోనే ఉండేది. తెలంగాణ సాయుధ పోరాటంలో మల్లు స్వరాజ్యం తుపాకీ పట్టేనాటికి ఆమెకు ఇరవై ఏళ్లు నిండలేదు. తర్వాత 1978లో, 1983లో తుంగతుర్తి ఆమెను అసెంబ్లీకి పంపింది. వాళ్లెవరూ ఓటు హక్కు వచ్చేదాకా ఆగలేదు.

చట్టపరంగా తలుపులు ఒక్కొక్కటిగా తెరుచుకున్నాయి. 1959 అక్టోబరులో నెహ్రూ షాద్‌నగర్ వచ్చి పంచాయతీ సమితి వ్యవస్థను ప్రారంభించారు. 61వ రాజ్యాంగ సవరణతో 1989 మార్చి 28 నుంచి ఓటు వయసు 21 నుంచి 18కి దిగింది. 73వ సవరణ తర్వాత 21 నిండితే ఊళ్లో పోటీ చేయవచ్చు. అసెంబ్లీకి, లోక్‌సభకు మాత్రం 25 నిండాల్సిందే.

ఓటు వయసు తగ్గిన కాలంలోనే మరో తలుపు మూసుకుంది. ఉమ్మడి రాష్ట్రంలో 1980ల చివర విద్యార్థి సంఘాల ఎన్నికలు ఆగిపోయాయి. నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం 2007లో, పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో పుట్టాయి. అప్పటికే లింగ్డో కమిటీ 2006లో విద్యార్థి సంఘాల ఎన్నికలకు నిబంధనలు రాసిచ్చింది: డిగ్రీ విద్యార్థికి 17 నుంచి 22 ఏళ్లు, 75 శాతం హాజరు, ఖర్చు 5,000 దాటకూడదు. నిబంధనలున్నాయి, ఎన్నికలే లేవు. నామినేషన్ రాయడం, లెక్క చూపడం, ఓడి మళ్లీ నిలబడడం నేర్పే బడి అది. అది లేకపోవడమే అన్నిటికన్నా పెద్ద నష్టమని మా అభిప్రాయం.

మిగిలింది పంచాయతీ. 2018లో తండాలు కూడా పంచాయతీలై, తెలంగాణలో పంచాయతీల సంఖ్య 12,751కి చేరింది. దేవరకొండ, అచ్చంపేట వైపు అది పెద్ద మార్పు. సర్పంచ్ డిపాజిట్ 2,000, వార్డు సభ్యుడికి 500. ఎస్సీ, ఎస్టీ, బీసీలకు సగమే. ఐదు వేల లోపు జనాభా ఉన్న ఊళ్లో సర్పంచ్ అభ్యర్థి లక్షన్నర దాకా, వార్డు అభ్యర్థి 30,000 దాకా ఖర్చు పెట్టవచ్చు. ఆ పరిమితి కాగితం మీదే ఉంటుందని ఊళ్లో అందరికీ తెలుసు. మరికొన్ని చోట్ల ఏకగ్రీవం పేరుతో పెద్దమనుషులు గుడి దగ్గర కూర్చుని పదవిని వేలం వేస్తారు. అక్కడ 21 ఏళ్ల వాడి మాట సాగదు.

ఇక కుర్రాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఓటరు జాబితా దగ్గర. పంచాయతీ జాబితాను అసెంబ్లీ జాబితా నుంచే వార్డుల వారీగా విడదీస్తారు. హైదరాబాద్ హాస్టల్లో ఉంటూ ఫారం-8 నింపి ఓటు అక్కడికి మార్చుకున్న పిల్లవాడి పేరు ఊరి జాబితాలోంచి పోతుంది. పేరు లేకపోతే పోటీకి అర్హత లేదు. పనికోసం కుటుంబంతో ముంబై, పుణె వెళ్లిన పాలమూరు యువతది ఇంకో బాధ: ఇంటికి తాళం చూసి పేరు తీసేస్తే, నోటిఫికేషన్ రోజున గానీ తెలియదు. పోటీ చేయాలనుకునేవారు ఆరు నెలల ముందే జాబితాలో తమ వరుస సంఖ్య చూసుకోవాలి. వార్డుకైతే ప్రతిపాదించే వ్యక్తి అదే వార్డు ఓటరై ఉండాలి. నామినేషన్ల పరిశీలన రోజుకు 21 నిండాలి. ఓడినా సరే, ఫలితం వచ్చిన 45 రోజుల్లో ఖర్చుల లెక్క ఇవ్వకపోతే మూడేళ్లు అనర్హత పడుతుంది.

2024 ఫిబ్రవరిలో పంచాయతీ పాలకవర్గాల గడువు తీరాక 2025 డిసెంబరు ఎన్నికల దాకా ఊళ్లు ప్రత్యేకాధికారుల చేతిలో ఉన్నాయి. అప్పుడే 21 నిండినవారికి దాదాపు రెండేళ్లు ఎదురుచూపే మిగిలింది.

అందరూ సర్పంచ్ వైపే చూస్తారు గానీ, వార్డు పదవిని చిన్నచూపు చూడకూడదు. ఉప సర్పంచ్‌ను వార్డు సభ్యులే తమలోంచి ఎన్నుకుంటారు. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం పంచాయతీ చెక్కు మీద సర్పంచ్‌తో పాటు ఉప సర్పంచ్ సంతకం కూడా ఉండాలి. 500 డిపాజిట్‌తో గెలిచిన 21 ఏళ్ల అమ్మాయి ఊరి డబ్బుకు సగం కాపలాదారు కాగలదు. గెలవనివారికి, నిలబడనివారికి గ్రామసభ ఉంది: రెండు నెలలకోసారి జరగాలి, జాబితాలో పేరున్న ప్రతి ఓటరూ అందులో సభ్యుడే. పేరు నమోదుకు ఇప్పుడు ఏడాదికి నాలుగు తేదీలున్నాయి: జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1. పదిహేడు నిండగానే కొత్త ఓటు దరఖాస్తు అయిన ఫారం-6 ముందుగా ఇవ్వవచ్చు.