దున్నితే కరిగిపోయే నేల

ఇంగ్లండ్‌లోని ఫెన్స్ అనే చిత్తడి ప్రాంతంలో, హోమ్ అనే ఊరి దగ్గర 1851లో ఒక ఇనుప స్తంభాన్ని పీట్ నేలలోకి దిగగొట్టారు. కొన నేలమట్టానికి ఉండేలా పాతిన ఆ స్తంభం ఇప్పుడు 4 మీటర్లు పైకి తేలి కనిపిస్తుంది. నీళ్లు తోడేసి సాగు చేస్తే పీట్ ఎంత కుంగుతుందో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

పీట్ అంటే నీళ్లలో నాని, గాలి తగలక సగం మాత్రమే కుళ్లిన మొక్కల మేట. అది పెరిగేది ఏడాదికి సుమారు 1 మిల్లీమీటరు. నీళ్లు తీసేసి దున్నితే ఏడాదికి 1-2 సెంటీమీటర్లు పోవచ్చు. కుళ్లేటప్పుడు అందులోని నత్రజని పైరుకు అందుతుంది. అంటే ఇక్కడ రైతు ఎరువుగా వాడుకుంటున్నది తన నేలనే.

పాతరోజుల్లో డచ్, జర్మన్ రైతులు పై పొరను తగలబెట్టి, ఆ బూడిదలో బక్‌వీట్ అనే గింజ పంట చల్లేవారు. కొన్నేళ్లకే సారం అయిపోయేది. 1860లలో రింపావ్ అనే జర్మన్ రైతు వేరే దారి పట్టాడు. కాలువలు తవ్వి, పీట్ మీద ఇసుక తోలించి, నాగలి ఆ ఇసుక పొర దాటి దిగకుండా చూశాడు. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో తెలివైన పని అదే.

అయినా పంటకు ఇంకో జబ్బు పట్టేది. ఓట్స్ ఆకుల కొనలు తెల్లబడి మెలితిరిగేవి, వెన్ను బయటికొచ్చినా అన్నీ తాలే. పీట్ రాగిని గట్టిగా పట్టేసుకుని వేళ్లకు వదలకపోవడమే కారణమని 20వ శతాబ్దంలో తేలింది. రాగి ఉండే మైలుతుత్తం కాస్త వేస్తే గింజ పట్టింది.

సేంద్రియ సాగులో లెక్క ఇక్కడ తలకిందులు. మామూలు నేలల్లో సేంద్రియ రైతుకు నత్రజని కోసమే టెన్షన్. పీట్‌లో అది ఎక్కువై చేను పడిపోతుంది కూడా. కొరత పొటాష్‌కి, భాస్వరానికి, రాగికి. పశువుల ఎరువు మొదటి రెండింటినీ కొంత తీరుస్తుంది. రాగి లోపం ఉందని తేలితే మైలుతుత్తాన్ని సేంద్రియ నిబంధనలు చాలాచోట్ల ఒప్పుకుంటాయి.

చిక్కంతా కలుపుతోనే. మందు కొట్టకూడదు కాబట్టి దుక్కి, గొర్రు తప్పవు. ఆ తేమకు, ఆ నత్రజనికి కలుపు కూడా ఏపుగా లేస్తుంది మరి. పైపైన దున్నితే పీట్ కొంత మిగులుతుందేమో గానీ, అది కుళ్లే వేగాన్ని ప్రధానంగా తేల్చేది నీటిమట్టం. ఆ మట్టం పెంచితే పీట్ నిలుస్తుంది. బార్లీ వేళ్లు మాత్రం ఊపిరాడక కుళ్లిపోతాయి.