కళ్లు లేకుండా సూర్యుడి ధ్రువాలపైకి

2025 జూన్ 11న ఐరోపా అంతరిక్ష సంస్థ సూర్యుడి దక్షిణ ధ్రువం చిత్రాలను విడుదల చేసింది. సోలార్ ఆర్బిటర్ నౌక ఆ ఏడాది మార్చిలో సూర్యుడి మధ్యరేఖకు 17 డిగ్రీల దిగువకు చేరి తీసిన చిత్రాలవి. అంత వాలు నుంచి సూర్యుడిని కెమెరాతో చూడటం అదే తొలిసారి. ఆ వార్త చదివి సంతోషించినవారిలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. అంతకు ముప్పై ఏళ్ల ముందే, 1994లో, మరో నౌక 80 డిగ్రీల అక్షాంశం దాకా వెళ్లి ఆ ధ్రువం మీదుగా ప్రయాణించింది. దాని పేరు యులిసెస్. సూర్యుడి నుంచి వీచే కణాల గాలిని, అంటే సౌర పవనాన్ని కొలిచింది, అయస్కాంత క్షేత్రాన్ని కొలిచింది, సుదూర అంతరిక్షం నుంచి దూసుకొచ్చే కణాలైన విశ్వకిరణాలను లెక్కపెట్టింది. సూర్యుడి చిత్రం మాత్రం ఒక్కటీ తీయలేదు, ఎందుకంటే అందులో కెమెరా లేదు. కెమెరాలు మోయవలసిన దాని జంట నౌక, భూమి నుంచి బయలుదేరకముందే, 1981లో రద్దయింది.

ధ్రువాలపై ఇంత ఆసక్తి ఎందుకో తెలియాలంటే 1950ల దాకా వెనక్కి వెళ్లాలి. తోకచుక్క ఎటు ప్రయాణిస్తున్నా దాని తోక సూర్యుడికి ఎదురు దిశలోనే ఉంటుంది. సూర్యుడి నుంచి నిరంతరం కణాలు వెలువడి ఆ తోకను నెడుతున్నాయని 1951లో జర్మన్ శాస్త్రజ్ఞుడు లుడ్విగ్ బియర్‌మాన్ వాదించారు. 1958లో అమెరికా శాస్త్రజ్ఞుడు యూజీన్ పార్కర్ ఆ ఆలోచనకు గణితం సమకూర్చారు. సూర్యుడి వెలుపలి వాతావరణమైన కరోనా ఎంత వేడిగా ఉందంటే, అది సూర్యుడి గురుత్వాకర్షణకు లొంగి నిలిచి ఉండలేదని, ధ్వనిని మించిన వేగంతో బయటికి పారుతూనే ఉండాలని లెక్కగట్టారు. ఆ వ్యాసాన్ని ఇద్దరు సమీక్షకులు తిరస్కరించారు. పత్రిక సంపాదకుడు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్‌కు కూడా ఆ సిద్ధాంతం రుచించలేదు, కానీ లెక్కలో తప్పు కనిపించకపోవడంతో ప్రచురించారు. తనకు నచ్చని ఆలోచనకు చోటిచ్చిన ఆ నిజాయితీని ఈ చరిత్రలో ఎప్పుడు తలచుకున్నా గౌరవం కలుగుతుంది. 1962లో శుక్రగ్రహం వైపు వెళుతూ మారినర్-2 నౌక ఆ గాలిని నెలల తరబడి కొలిచి పార్కర్ మాటను నిలబెట్టింది.

కొలతలు పెరిగినా అవన్నీ ఒకే పలుచని పొరలోంచి వచ్చాయి. గ్రహాలన్నీ దాదాపు ఒకే తలంలో తిరుగుతాయి, మన నౌకలూ అక్కడే తిరుగుతాయి. ఆ తలానికి సూర్యుడి మధ్యరేఖ 7.25 డిగ్రీలు మాత్రమే వాలి ఉంది. అంటే భూమి దగ్గరి నుంచి ఎన్నేళ్లు చూసినా సూర్యుడి నడుము చుట్టూ ఉన్న చిన్న పట్టీయే మనకు దక్కుతుంది. పోనీ పైకి ఎగురుదామంటే, భూమి సెకనుకు 30 కిలోమీటర్ల వేగంతో సూర్యుడి చుట్టూ తిరుగుతోంది, ఇక్కడ బయలుదేరిన ప్రతి నౌకకూ ఆ వేగం పుట్టుకతోనే వస్తుంది. దాన్ని చంపి, నిలువుగా అంత వేగాన్ని పుట్టించగల రాకెట్ ఎవరి దగ్గరా లేదు. దారి ఒక్కటే. ముందు సూర్యుడికి దూరంగా గురుగ్రహం దాకా వెళ్లి, దాని గురుత్వాకర్షణ సాయంతో కక్ష్యను నిలువుగా తిప్పుకోవాలి. గురుగ్రహాన్ని దాటిన పయొనీర్-11 నౌక 1976లో 16 డిగ్రీల ఎత్తుకు చేరినప్పుడు, పైన అయస్కాంత క్షేత్రం తీరు వేరుగా ఉందని తొలి ఆనవాళ్లు దొరికాయి.

విశ్వకిరణాలను పరిశోధించేవారికి ధ్రువాల మీద మరో పెద్ద ఆశ ఉండేది. దీపావళికి భూచక్రం వెలిగిస్తే నిప్పురవ్వలు తిన్నగానే ఎగిరినా, చక్రం తిరుగుతుంది కాబట్టి చుట్టలు చుట్టినట్టు కనిపిస్తాయి. సూర్యుడు తిరుగుతూ ఉండటం వల్ల మధ్యరేఖ దగ్గర అయస్కాంత బలరేఖలూ అలాగే చుట్టలు తిరుగుతాయి. నక్షత్రాల మధ్య నుంచి వచ్చే విశ్వకిరణాలకు ఆ చుట్టలు అడ్డుపడతాయి. ధ్రువాల మీద చుట్టలు తక్కువ, బలరేఖలు దాదాపు తిన్నగా బయటికి సాగాలి. అక్కడ తలుపు తెరిచి ఉంటుందని, అడ్డంకి లేకుండా వచ్చే విశ్వకిరణాలను వాటి అసలు రూపంలో కొలవవచ్చని అనుకున్నారు.

1979లో నాసా, ఐరోపా అంతరిక్ష సంస్థ ఒప్పందం కుదుర్చుకున్నాయి. చెరొక నౌకను పంపాలి. ఒకటి ఉత్తర ధ్రువం మీద ఉన్నప్పుడు రెండోది దక్షిణ ధ్రువం మీద ఉండాలి. కరోనాను చూసే పరికరాలను అమెరికా నౌకలో పెట్టాలనుకున్నారు. 1981లో బడ్జెట్ కోతల పేరుతో నాసా తన నౌకను రద్దు చేసింది. ఐరోపా దేశాలు దౌత్య మార్గంలో నిరసన తెలిపినా ఫలితం లేకపోయింది. అప్పట్లో ఒక పద్దు మీద గీసిన గీత తర్వాతి రెండు తరాల శాస్త్రజ్ఞుల చూపును కత్తిరించింది. ఈ మొత్తం కథలో నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఆ గీతే.

మిగిలిన ఐరోపా నౌక యులిసెస్ 1983కే సిద్ధమై గిడ్డంగిలో ఉండిపోయింది. 1986 మేలో స్పేస్ షటిల్ నుంచి వదలాలని నిర్ణయించారు. ఆ ఏడాది జనవరి 28న చాలెంజర్ షటిల్ ప్రమాదం జరిగి షటిల్ ప్రయాణాలు ఆగిపోయాయి. చివరికి 1990 అక్టోబర్ 6న డిస్కవరీ షటిల్ దాన్ని మోసుకెళ్లింది. 1992 ఫిబ్రవరి 8న గురుగ్రహం దాన్ని గ్రహాల తలం నుంచి కిందికి విసిరింది.

1994 సెప్టెంబర్ 13న యులిసెస్ దక్షిణాన 80.2 డిగ్రీలకు చేరింది. మరుసటి ఏడాది ఉత్తర ధ్రువం మీదుగా సాగింది. సూర్యుడు అప్పుడు ప్రశాంతంగా ఉన్న కాలం. మధ్యరేఖ దగ్గర సెకనుకు 400 కిలోమీటర్ల చొప్పున వీచే నిదానపు గాలి ఒక సన్నని పట్టీకే పరిమితమని, ఆ పట్టీ దాటగానే ధ్రువం దాకా సుమారు 750 కిలోమీటర్ల వేగంతో ఒకే తీరుగా వీచే మరో గాలి ఉందని తేలింది. భూమి దగ్గర ఇన్నేళ్లు మనం సాధారణమనుకున్న గాలి, సౌర పవనం నిండిన విశాలమైన సౌర ఆవరణంలో చిన్న భాగమే.

అయస్కాంత క్షేత్రం మరింత ఆశ్చర్యపరిచింది. దండాయస్కాంతంలా ధ్రువాల దగ్గర బలంగా ఉంటుందనుకున్నారు. కానీ సూర్యుడి నుంచి బయటికి సాగే క్షేత్రం ఏ అక్షాంశంలో కొలిచినా సమానంగా ఉంది. దీనివల్ల పెద్ద మేలు జరిగింది. భూమి దగ్గర ఒక్కచోట కొలిస్తే చాలు, సూర్యుడి నుంచి బయటికి తెరుచుకున్న అయస్కాంత క్షేత్రం మొత్తాన్ని అంచనా వేయవచ్చు.

విశ్వకిరణాల తలుపు మాత్రం తెరిచి లేదు. ధ్రువాల మీద అవి పెరిగింది కొద్దిగానే. బలరేఖలు తిన్నగా లేవు, పెద్ద అలలతో ఊగుతున్నాయి. లోపలికి రాబోయే కణాలను ఆ ఊగులాటే చెదరగొడుతోంది. మరో చిక్కుముడి కూడా ఎదురైంది. మధ్య అక్షాంశాల్లో వేగపు గాలి నిదానపు గాలిని ఢీకొన్నప్పుడల్లా, సుమారు 26 రోజులకొకసారి, విశ్వకిరణాలు తగ్గుతాయి. ధ్రువాల దగ్గర అలాంటి ఢీలు లేవు, గాలి ఒకే తీరున వీస్తోంది. అయినా విశ్వకిరణాల సంఖ్య అదే లయలో పడుతూ లేస్తూ ఉంది. కింది సంగతి పైన ఎలా తెలుస్తోంది? 1996లో అమెరికా శాస్త్రజ్ఞుడు లెన్ ఫిస్క్ ఒక వివరణ ఇచ్చారు. సూర్యుడి ఉపరితలం అన్నిచోట్లా ఒకే వేగంతో తిరగదు, అందువల్ల బలరేఖల మొదళ్లు అక్షాంశాలు దాటి జరుగుతూ పోతాయి, ధ్రువం దగ్గరి రేఖ దూరాన మధ్య అక్షాంశాలతో ముడిపడుతుంది అని. బలరేఖలు యాదృచ్ఛికంగా అటూ ఇటూ తిరగడమే కారణమని మరికొందరు వాదించారు.

2000, 2001ల్లో రెండోసారి ధ్రువాలు దాటినప్పుడు సూర్యుడు ఉగ్రరూపంలో ఉన్నాడు. పట్టీలు చెదిరిపోయాయి, ఏ అక్షాంశంలో ఏ గాలి వీస్తుందో చెప్పలేని స్థితి. మూడో చుట్టులో మళ్లీ ప్రశాంతత వచ్చింది, కానీ గాలి ఒత్తిడి 1990ల మధ్యకాలంతో పోలిస్తే సుమారు 20 శాతం తగ్గిందని 2008లో ప్రకటించారు. ఆ గాలే విశ్వకిరణాల నుంచి సౌరకుటుంబానికి కవచం కాబట్టి, వ్యోమగాములను దూరం పంపాలనుకునేవారికి ఇది పట్టించుకోవలసిన మాట.

అప్పటికి నౌకలోని అణు విద్యుత్తు క్షీణించింది. గొట్టాల్లో హైడ్రజీన్ ఇంధనం గడ్డకట్టే ప్రమాదం ఏర్పడింది. సిబ్బంది రెండేసి గంటలకు కొద్దిసేపు ఇంజన్లు మండించి ఇంధనాన్ని కదిలిస్తూ, అయిపోతుందనుకున్న నౌకను మరో ఏడాది బతికించారు. 2009 జూన్ 30న సంకేతాలు ఆపేశారు.

మన శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబర్ 2న బయలుదేరిన ఆదిత్య-ఎల్1 రోజూ సౌర పవనాన్ని కొలుస్తోంది, అయితే అదీ భూమి తిరిగే తలం నుంచే. సోలార్ ఆర్బిటర్ శుక్రగ్రహం సాయంతో మెల్లగా వాలు పెంచుకుంటూ 2029లో 33 డిగ్రీలకు చేరాలి. అదే ఏడాది గురుగ్రహం దారినే 75 డిగ్రీలకు మించి వెళ్లే నౌకను పంపాలని చైనా ప్రణాళిక వేసుకుంది. అందులో కెమెరాలుంటాయి.