మందులతో మగవాళ్లలో రొమ్ము పెరగడం: అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో హార్మోన్ల డాక్టరుగా పనిచేస్తున్నాను. అనంతపురం, హిందూపురం, మదనపల్లె నుంచి గుండె చూపించుకోవడానికి వచ్చే పెద్దవాళ్లూ, మారతహళ్లి పీజీల్లో ఉండే మన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లూ ఒకే సమస్య చెబుతుంటారు. చనుమొన కింద గడ్డలా ఉంది, చొక్కా తగిలినా నొప్పి. పక్కన ఎవరూ లేరనుకుంటే తప్ప నోరు విప్పరు. ఇది గైనకోమాస్టియా, అంటే మగవాళ్లలో రొమ్ము గ్రంథి పెరగడం. వీళ్లలో కొందరికి కారణం వాడుతున్న మందే.

అపోహ: మందు ఆపేస్తే పోతుంది, ఎవరికీ చెప్పక్కర్లేదు.

వాస్తవం: నన్ను అన్నిటికన్నా భయపెట్టే మాట ఇది. గుండె బలహీనపడినవాళ్లకూ, లివర్ దెబ్బతిని పొట్టలో నీరు చేరినవాళ్లకూ స్పైరనోలాక్టోన్ రాస్తారు. 1999లో వెలువడిన రేల్స్ అధ్యయనంలో, తీవ్రమైన హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవాళ్లలో ఈ మందు మరణాలను 30 శాతం తగ్గించింది. అదే అధ్యయనంలో దాన్ని వాడిన మగవాళ్లలో 10 శాతం మందికి రొమ్ము పెరగడమో, నొప్పో వచ్చింది. మందు లేని ఉత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో అది 1 శాతమే. కాబట్టి మీ ఇబ్బంది నిజమే, ఆ మాత్ర అవసరమూ నిజమే. గుండె డాక్టరుకు చెబితే చాలామందికి ఎప్లెరినోన్‌కు మార్చగలరు. అది దాదాపు అదే పని చేస్తుంది, రొమ్ము మీద ప్రభావం చాలా తక్కువ.

మానసిక జబ్బులకు వాడే రిస్పెరిడోన్ విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. తల్లుల్లో పాలు పడేలా చేసే ప్రొలాక్టిన్ అనే హార్మోన్‌ను అది పెంచుతుంది, దాంతో మగవాళ్లలోనూ రొమ్ము పెరగవచ్చు. కుర్రాడు సిగ్గుపడి మాత్రలు మానేస్తాడు, జబ్బు తిరగబెట్టాక గానీ ఇంట్లోవాళ్లకు తెలియదు. అమ్మానాన్నలకు నా మనవి: టీషర్టులు వేసుకోవడం మానేసి, ఎండాకాలంలో కూడా జాకెట్‌తో తిరుగుతుంటే వేళాకోళం చేయకండి. నెమ్మదిగా అడగండి. ప్రొలాక్టిన్ పెంచని అరిపిప్రజోల్ లాంటి మందులున్నాయి. మార్పు మాత్రం సైకియాట్రిస్టు చేతుల మీదుగానే జరగాలి.

అపోహ: అది కొవ్వే, జిమ్‌కెళ్తే కరిగిపోతుంది.

వాస్తవం: కొవ్వయితే అంతా మెత్తగా ఉంటుంది. గ్రంథి పెరిగితే చనుమొన కింద రబ్బరు బిళ్లలా చేతికి తగులుతుంది. వ్యాయామానికి అది కరగదు. పైగా కొన్ని జిమ్ముల్లో కండల కోసం ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ల వల్లే ఇది వస్తోంది. బయటి నుంచి ఎక్కించిన టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్‌లో కొంత భాగాన్ని శరీరం ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్‌గా మారుస్తుంది. మీరేం వాడారో ఆ సీసా తెచ్చి చూపించండి. నేను కోప్పడను, తెలిస్తేనే సాయం చేయగలను.

అపోహ: నేను పెద్ద మందులేవీ వాడటం లేదు.

వాస్తవం: జుట్టు రాలకుండా వేసుకునే ఫినాస్టెరైడ్, గ్యాస్ మాత్రలో కలిసి ఉండే డోంపెరిడోన్ కూడా కొద్దిమందిలో ఇలా చేస్తాయి. నెలల తరబడి వాడుతూ కూడా వీటిని మందుల లెక్కలో వేయరు. ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వేసుకుని రండి.

అపోహ: ఇది క్యాన్సరే.

వాస్తవం: మొత్తం రొమ్ము క్యాన్సర్లలో మగవాళ్లవి దాదాపు 1 శాతమే. అయినా గడ్డ ఒకవైపే ఉండి గట్టిగా, చనుమొనకు పక్కగా తగిలినా, చర్మం లోపలికి లాగినా, రక్తం కారినా, చంకలో బిళ్ల కట్టినా ఆలస్యం చేయకండి.

అపోహ: కొన్నేళ్లు చూసి అప్పుడు వెళ్దాం.

వాస్తవం: మొదటి ఆరు నెలల్లో గ్రంథి ఇంకా గట్టిపడి ఉండదు, నొప్పిగా ఉంటుంది. అప్పుడు మందు మారిస్తే చాలామందిలో వారాల్లో, నెలల్లో తగ్గుముఖం పడుతుంది. అవసరమైతే రొమ్ము మీద ఈస్ట్రోజెన్ ప్రభావాన్ని అడ్డుకునే టామాక్సిఫెన్ కొన్నాళ్లు ఇస్తాం. మెడికల్ షాపులో అడిగి కొనుక్కునే మాత్ర కాదది, రక్తం గడ్డకట్టే ముప్పు ఉంటుంది. ఏడాది దాటితే గ్రంథి నారలా గట్టిపడుతుంది, మాత్రలకు పెద్దగా లొంగదు. అప్పుడిక మిగిలేది సర్జరీయే.

తగ్గేలోపు బిగుతైన కంప్రెషన్ బనియన్ వేసుకుంటే చొక్కా కింద కనిపించదు, రాపిడి నొప్పీ తగ్గుతుంది. తగ్గిందా అని మాటిమాటికీ నొక్కి చూడకండి.

ప్రోస్టేట్ క్యాన్సర్‌కు, మగ హార్మోన్ పనిని అడ్డుకునే బైకాలుటమైడ్ ఒక్కటే మొదలుపెడుతుంటే, రొమ్ము పెరగకుండా ఏం చేయవచ్చో మొదటి మాత్ర వేసుకోకముందే అడగండి. టామాక్సిఫెన్‌తో గానీ, ఛాతీకి కొద్దిపాటి రేడియేషన్‌తో గానీ చాలావరకు ఆపవచ్చు.