ఫ్రీజర్‌లో దాచిన రక్తం చెప్పిన సంగతి

హెచ్‌ఐవీకి మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌కు వెళ్లేవాళ్లకు ‘కౌంట్ ఎంత?’ అన్న ప్రశ్న బాగా అలవాటే. కౌంట్ అంటే రక్తంలోని సీడీ4 కణాల లెక్క. ఆ అంకె వెనుక వేలమంది ఇచ్చిన రక్తం ఉంది.

1981లో అమెరికాలో ఎయిడ్స్ బయటపడినప్పుడే, రోగుల్లో జబ్బులతో పోరాడే ఈ సీడీ4 తెల్ల రక్తకణాలు దారుణంగా పడిపోతున్నాయని డాక్టర్లు గమనించారు. దానికి కారణమైన వైరస్‌ను, అంటే హెచ్‌ఐవీని, 1983లో గుర్తించారు. అయినా ఒక చిక్కు మిగిలే ఉంది. వైరస్ సోకిన కొందరు రెండు మూడేళ్లకే మంచాన పడేవారు. మరికొందరు పదేళ్లయినా ఆరోగ్యంగానే తిరిగేవారు. ఎవరి సంగతి ఎలా ఉంటుందో ముందుగా చెప్పే దారి లేదు.

1984లో బాల్టిమోర్, షికాగో, పిట్స్‌బర్గ్, లాస్ ఏంజెలెస్ నగరాల్లో ఒక పెద్ద అధ్యయనం మొదలైంది. స్వలింగ, ద్విలింగ సంపర్కులైన దాదాపు 5,000 మంది పురుషులు ఆరు నెలలకోసారి వచ్చి రక్తం ఇచ్చేవారు. సరైన మందు లేని రోజులవి. తమకు మేలు జరుగుతుందన్న భరోసా లేకుండానే ఇచ్చారు. వాళ్ల రుణం మనం మరిచిపోకూడదు.

అలా దాచిన నమూనాల్లో 180 మందివి తీసి, పరిశోధకుడు జాన్ మెల్లర్స్ బృందం వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంత ఉందో, కొలిచింది. ఫలితాలు 1996లో వచ్చాయి. వైరస్ అతి తక్కువగా ఉన్న వర్గంలో ఐదేళ్లలో ఎయిడ్స్ దశకు చేరింది 8 శాతం. అతి ఎక్కువగా ఉన్న వర్గంలో 62 శాతం. సీడీ4 మామూలుగా ఉన్నవారిలోనూ ఈ తేడా కనిపించింది. రైలుతో పోల్చి చెప్పేవారు: వైరల్ లోడ్ రైలు వేగం, సీడీ4 ప్రమాదానికి మిగిలిన దూరం.

మన దేశంలో 2004 ఏప్రిల్ 1న ఉచిత ఏఆర్‌టీ మొదలైంది. తొలి రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అప్పట్లో లక్షణాలు ముదరనివారికి ఒక ఘన మిల్లీమీటరు రక్తంలో సీడీ4 కణాలు 200 కంటే తగ్గితేనే మందులు. కౌంట్ పడిపోయేదాకా ఆగమనడం ఎంత టెన్షనో ఆలోచించండి. తర్వాత ఆ గీత 350కి, 500కి జరిగింది. కౌంట్ 500 పైన ఉండగానే మందులు మొదలుపెడితే తీవ్ర జబ్బులు, మరణాల ముప్పు సగానికి పైగా తగ్గుతుందని 2015లో ‘స్టార్ట్’ అనే అధ్యయనం తేల్చింది. 2017 నుంచి మన దగ్గర కౌంట్‌తో పనిలేకుండా అందరికీ మందులు ఇస్తున్నారు.

ఇప్పుడు వైరల్ లోడ్ ముఖ్యంగా మందులు పనిచేస్తున్నాయో లేదో చెబుతుంది. అది ఒక మిల్లీలీటరు రక్తంలో 1,000 వైరస్ కాపీలు దాటితే ముందుగా మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నారా అని కౌన్సెలర్ కనుక్కుంటారు. మళ్లీ పరీక్షించినా తగ్గకపోతే మందులు మారుస్తారు.